మెరూర్ మడిగట్టు

సుమాంగ్ గట్టుమీద నిలబడి గొంతు సవరించుకున్నాడంటే చెడు కబురు మోసుకొచ్చాడని అర్థం. మంచి కబురైతే దారి మలుపు దగ్గర్నుంచే కేకలేసుకుంటూ వస్తాడు. కొడుకు సంగతి తెలిసిన ఇబూచ్ వెంటనే తలెత్తలేదు. మోకాలి లోతు బురదలో వంగి, పెరికిన చేమమొక్కను నీళ్లలో జాడించింది. దుంపను కోసి బుట్టలో వేసి, కాడలతో మిగిలిన తలను మళ్లీ అదే గుంటలో గుచ్చి, చుట్టూ బురద అదిమింది. కోసిన చేత్తోనే నాటెయ్యాలి. ఆలస్యం చేస్తే తల వాడిపోతుంది.

"అమ్మా, కాస్త బయటికొస్తావా?"

"నువ్వు లోపలికి రాలేవు, నేను బయటికి రాను. అక్కణ్ణుంచే చెప్పు."

పక్క మడిలో ఎబిల్ కిసుక్కున నవ్వింది. ఎబిల్ ఇబూచ్‌కి ఆడపడుచు. మొగుడు పోయి చాన్నాళ్లయింది, నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు. "రమ్మను వదినా, ఒక్కసారి దిగి చూడమను. రేపట్నించి ఊళ్లో వీడికి మొలతాడు బదులు గడ్డిలంగా కట్టిద్దాం," అంది.

చేమమడిలో మగవాడు కాలు పెట్టడం ఓరెమ్ ఊళ్లో ఎవరూ చూడలేదు. మామూలు మగవాడికే సిగ్గు. ఇక ఊరిపెద్ద అయితే గట్టు దాటడం అటుంచి, పక్కనుంచి నడిచేటప్పుడు కూడా మొహం సముద్రం వైపు తిప్పుకుంటాడు. మడి ఆడవాళ్లది, అందులో పండేదీ ఆడవాళ్లదే. పసిఫిక్ సముద్రంలోని ఈ పెలావు దీవుల్లో ఈ మాట ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సుమాంగ్ గట్టుమీదే గొంతుక్కూర్చున్నాడు. బళ్లో జపాను భాష నేర్చాడు, యుద్ధం అయ్యాక నేవీ శిబిరంలో ఇంగ్లీషు పట్టుబడింది. ఇప్పుడు లెఫ్టినెంటు వాల్కాట్ ఎక్కడికెళ్తే అక్కడికి దుబాసీగా వెళ్తున్నాడు.

"ఎల్లుండి ఓడొస్తోంది. లెఫ్టినెంటుతో పాటు ఇద్దరు పరాయి దొరలు. ఒకాయన ఇంగ్లండు, ఒకాయన ఆస్ట్రేలియా. యుద్ధంలో ముగ్గురూ ఒకే పక్క. ఇప్పుడు మన దీవుల్ని ఎవరి చేతిలో పెట్టాలా అని వాళ్లలో వాళ్లకి తగువు. అమెరికా వాళ్లు మేం చూసుకుంటాం అంటున్నారు. మిగతావాళ్లు అంత తొందరేంటి అంటున్నారు."

"చూసుకోవడం అంటే?" అంది ఎబిల్.

"అంటే... తల్లిదండ్రుల్లేని పిల్లలకి ఆస్తి ఉందనుకో. వాళ్లు ఎదిగొచ్చేదాకా ఒక పెద్దమనిషి కాపాడతాడు కదా. అలా."

"నాకు మనవలున్నార్రా!"

"నన్ను తిడతావేంటత్తా? నేను పెట్టిన పేరా అది?"

ఇబూచ్ నవ్వలేదు. అసలు కబురు ఇంకా రాలేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. "ఊఁ, చెప్పు," అంది.

సుమాంగ్ గడ్డిపోచ ఒకటి తెంపి వేలికి చుట్టుకున్నాడు. "జపాను సర్కారు చేతిలో ఉన్న నేలంతా శత్రువు ఆస్తి అంటున్నాడు లెఫ్టినెంటు. దీవులు ఎవరి చేతికొస్తే ఆ నేలా వాళ్ల చేతికే పోతుందట. విమానాల మైదానం కూడా. అది ఎవరిదని నిన్న మామనడిగాడు."

ఇబూచ్ చేతులు బురదలో ఆగిపోయాయి. విమానాల మైదానం కింద ఉన్నది మెరూర్. ఆమె తల్లి మడి, అమ్మమ్మ మడి. ఓరెమ్‌లో దానంత మెత్తటి దుంప ఇంకెక్కడా పండేది కాదు.

"మామ ఏమన్నాడు?"

"జపానోళ్ల నేలేనన్నాడు. ఎల్లుండి ఆ దొరల ముందు కూడా అదే చెప్పి, హద్దు చూపిస్తానన్నాడు."

ఇబూచ్ కత్తిని బురదలో గుచ్చి, నడుం మీద చెయ్యేసుకుని లేచి నిలబడింది. ఒళ్లంతా మండిపోతోంది. శత్రువు ఆస్తి! ఎవరికి ఎవరు శత్రువులు? ఆమె ఎవరి మీదా యుద్ధానికి వెళ్లలేదు. వాళ్లూ వాళ్లూ వచ్చి ఆమె మడి మీద కొట్టుకున్నారు.

బుట్టలో దుంపలు సగమే నిండాయి. ఆమె అలాగే వదిలేసి గట్టెక్కింది.

మగవాళ్ల సభ ఇంట్లోకి ఆడవాళ్లు వెళ్లరు. వెళ్లనక్కర్లేదు కూడా. ముందున్న రాతి అరుగు మీద వంశపు పెద్దామె వచ్చి కూర్చుందంటే లోపల మాటలు వాటంతటవే ఆగిపోతాయి. కాళ్లకింకా బురద ఆరకుండానే ఇబూచ్ అక్కడ కూర్చుంది. కాసేపటికి ఆమె తమ్ముడు తెలెయ్ వక్కల బుట్ట చంకన పెట్టుకుని వంగి గుమ్మం దాటి వచ్చాడు. ఓరెమ్‌కి పెద్ద అతను. జుట్టు పూర్తిగా నెరిసింది. నడకలో మాత్రం చిన్నప్పటి తొట్రుపాటు పోలేదు.

"జపానోళ్ల నేలన్నావట."

తెలెయ్ వక్కను రెండుగా చీల్చాడు. సున్నం అద్దాడు. ఆకు చుట్టాడు. చుట్టింది నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"వాళ్ల కాగితం మీద ముద్ర వేసింది నేనే కదక్కా."

"తుపాకీ పెట్టి వేయించారు."

"తుపాకీ గోడకానించి ఉంది. నా మీద ఎవరూ పెట్టలేదు. అదే నా ఏడుపు." అతను గొంతు తగ్గించాడు. "ఆ రోజు నువ్వే వండావు, గుర్తులేదా? మెరూర్ దుంపే పెట్టాం. రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు. మన చేమ తిన్నవాడు మన మడికి కీడు తలపెడతాడా అనుకున్నాను. కొన్నాళ్లు వాడుకుని ఇచ్చేస్తామన్నారు. నవ్వుతూ వేశాను ముద్ర."

ఇబూచ్‌కి ఆ రోజు గుర్తుంది. ఆమె కూడా అదే అనుకుంది. పెలావులో ఎవరైనా అదే అనుకుంటారు. తిన్న ఇంటి నేలను తవ్వే మనుషులు ఉంటారని వాళ్లకేం తెలుసు?

"తప్పు వాళ్లది. అదే చెప్పు," అంది.

"ఏమని చెప్పను? మాదీ అంటే, మరి వాళ్ల చేతికెలా పోయిందని అడుగుతారు. నేనిచ్చానని చెప్పాలి. నాది కాని మడిని, అక్క మడిని, అడక్కుండా ఇచ్చేశానని. మూడు దేశాల వాళ్లు, మన ఊరి కుర్రకారు, అందరూ వింటుండగా. జపానోళ్లదని ఒక్క మాటంటే అంతటితో పోతుంది."

"మాటతో పాటు మడీ పోతుంది."

తెలెయ్ చేతిలోని తాంబూలాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ కొబ్బరాకు నీ తలకి కట్టింది నేను," అంది ఇబూచ్.

ఊరిపెద్దను చేసేటప్పుడు తలకు కొబ్బరాకు కట్టేది వంశపు ఆడపెద్దలే. కట్టినవాళ్లకి విప్పే హక్కూ ఉంది. తెలెయ్ చేతిలోని తాంబూలం కిందపడింది.

"విప్పుతావా అక్కా?"

విప్పుతుందో లేదో ఆమెకే తెలియదు. తల్లి మడిలో ఉన్నంతసేపూ వాణ్ణి చంకనేసుకుని తిప్పింది తనే. ఆ ఏడుపు మొహమే ఇప్పుడూ ఎదురుగా ఉంది. లేచి వచ్చేసింది.

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. మడికి వెళ్లినా చేతులాడవు. కాళ్లు ఎటు తీసుకెళ్తే అటు నడిచి, యుద్ధం తరవాత ఒక్కసారి కూడా తొక్కని దారి పట్టింది. అడ్డంగా పెరిగిన తీగల్ని నరుక్కుంటూ వెళ్తే విమానాల మైదానం కనిపించింది. ఎండలో కళ్లు చెదిరేంత తెల్లగా ఉంది. జపానోళ్లు సముద్రంలోంచి పగడపు రాయి తెచ్చి, కొట్టి, పరిచి, రోలరుతో అణిచారు. రెక్క విరిగిన విమానం ఒకటి మూలన పడుంది. దాని కడుపులో కోడి గుడ్లు పెట్టినట్టుంది, ఆమెను చూసి కొక్కొక్కోమంటూ బయటికి దూకింది.

రన్‌వే చివర అమెరికా బాంబులు పడిన చోట గోతులున్నాయి. వానలకి నిండాయి. ఒకదానికొకటి ఒరుసుకుని, కట్టలు తెగి, ఇప్పుడు రన్‌వేకి అడ్డంగా నీళ్ల చారలా ఉన్నాయి. ఇబూచ్ అంచున కూర్చుని కాలు దింపింది. పైన గరుకు రాయి. ఇంకాస్త దింపితే మెత్తగా తగిలింది. వంగి గుప్పెడు తీసింది. నల్లటి బురద. వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది.

మెరూర్.

జపానోళ్లు పూడ్చినదాన్ని అమెరికా వాళ్లు బాంబు వేసి తవ్విపెట్టారు! నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మర్నాడు తెల్లవారగానే తన మడిలోంచి చేమ తలలు బుట్టెడు తీసుకుని వెళ్లింది. ఇలా నాటితే ఏదో ఒరుగుతుందని కాదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. గులకరాళ్లు ఏరి పక్కన పోసి, బురద కలిపి, వరస పట్టి నాటడం మొదలుపెట్టింది. కాసేపటికి వెనకనుంచి ఎబిల్ గొంతు వినిపించింది.

"ఇనప పిట్టలు వాలే చోట చేమ పండిస్తున్నావా వదినా? మతి పోయిందా ఏంటి?"

"పోయింది. నువ్వింటికి పో."

ఎబిల్ పోలేదు. లంగా ఎగదోపుకుని దిగింది. దిగీ దిగగానే బురద చేత్తో పట్టి చూసి, "అబ్బ!" అంది. ఆ తరవాత చాలాసేపు ఏమీ అనలేదు. ఎబిల్ అంతసేపు ఊరుకోవడం ఇబూచ్ ఎరగదు. మధ్యాహ్నానికి ఎబిల్ వెళ్లి ఇంకొందరిని పిలుచుకొచ్చింది. వంశంలో పెద్దవాళ్లు, కొత్తకోడళ్లు, తలా ఒక బుట్టతో వచ్చారు. గోతులకీ గోతులకీ మధ్య తెగిన చోట గట్లు వేశారు. ఆకు కోసుకొచ్చి మొదళ్ల దగ్గర తొక్కారు. ఈ సంగతి ఏ మగవాడికీ చెప్పలేదు. దాచాలని కాదు. మడి కబుర్లు మగవాళ్లకి చెప్పే అలవాటు లేదు, అంతే.

"మరి తెలెయ్ సంగతేంటి?" అంది ఎబిల్, మొక్క నాటుతూ. "ఇంకా ఊరిపెద్దగా ఉంచుతామా? తమ్ముడని చూస్తున్నావు నువ్వు. నాకు బావ వరసైనా మొహమాటం లేదు. విప్పెయ్ ఆకు."

అందరూ ఇబూచ్ వైపు చూశారు.

"దొరలు వెళ్లాక," అంది ఇబూచ్. "ఆ మాట వాడు దొరల ముందు అన్నాక. అంటే గనక నేనే విప్పుతాను."



ఓడ చెప్పినట్టే వచ్చింది. విందు సభ ఇంటి ముందు చెట్ల నీడలో పెట్టారు. మగవాళ్లు చేపలు తెచ్చారు, ఆడవాళ్లు చేమ ఉడికించి చెక్క పళ్లాల్లో సర్దారు. లెఫ్టినెంటు వాల్కాట్ మంచివాడే. జ్వరాలొస్తే మందులిప్పిస్తాడు, వక్క నమిలి దగ్గి అందర్నీ నవ్విస్తాడు. ఇంగ్లండు ఆయన పేరు పెల్లమ్. పొడుగ్గా ఉండి, ఎవరేమన్నా తలూపుతాడు. ఆస్ట్రేలియా ఆయన హార్‌గ్రేవ్, ఎండకి ముక్కు ఎర్రగా కందిపోయింది. తింటూనే వాదిస్తున్నాడు.

ఇబూచ్ పళ్లెం తెచ్చిన వంకతో కొడుకు వెనక నిలబడింది. "ఏమంటున్నారు?" అని గుసగుసగా అడిగింది.

"ఎర్రముక్కాయన అంటున్నాడు, జపానుతో సంధి ఇంకా రాసుకోలేదుగా, అప్పుడే దీవులు పంచుకోవడమేంటి, యుద్ధంలో మా వాళ్లూ చచ్చారు, దేశాలన్నీ కలిసి తేల్చే పెద్ద సభలో మేమూ కూర్చోవాలి అని. లెఫ్టినెంటు అంటున్నాడు, ఈ దీవుల మీద చచ్చింది మావాళ్లు, రేపు మళ్లీ ఎవడైనా ఇటునుంచి మామీదికొస్తే ఎవరు జవాబుదారీ అని."

"పొడుగాయన?"

"ఇద్దరూ చెప్పేది సబబే అంటున్నాడు."

"మన గురించి ఎవరేమంటున్నారు?"

సుమాంగ్ తల్లి మొహంలోకి చూడలేక పళ్లెంలోకి చూశాడు. "ఇంకా మన వరకు రాలేదమ్మా."

తెలెయ్ తలమీద పెద్దరికపు కొబ్బరాకుతో వాళ్లకెదురుగా కూర్చున్నాడు. పళ్లెంలో దుంప ముట్టలేదు. ఒకసారి అక్క వైపు చూసి చటుక్కున తల దించుకున్నాడు.

విందయ్యాక అందరూ మైదానానికి బయలుదేరారు. ముందు తెలెయ్, పక్కన లెఫ్టినెంటు, వెనక ఇద్దరు దొరలు, సుమాంగ్, ఊరి మగవాళ్లు. కాస్త దూరంగా ఆడవాళ్లు. ఇబూచ్ బుట్టలో కత్తి ఉంది. కొబ్బరాకు ముడి తియ్యరాకపోతే కోసెయ్యడానికి తెచ్చుకుంది. దాన్ని తాకిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి లాక్కుంటోంది.

లెఫ్టినెంటు చెయ్యి చాపి చూపిస్తూ చెప్పాడు. సుమాంగ్ దాన్ని తమ భాషలో చెప్పాడు. "మామా, జపాను సర్కారు నేల ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచి చూపించమంటున్నారు. అతిథులు కళ్లారా చూస్తారట. ఆ తరవాత రన్‌వే బాగుచేయిస్తారట."

తెలెయ్ నడిచాడు. తెల్లటి గులక మీద అతని పాదాలు కరకరమంటున్నాయి. విరిగిన విమానం దాటాడు. ఇంకాస్త దూరం వెళ్లాడు. అక్కడ ఆగిపోయాడు.

ఎదురుగా రన్‌వేకి అడ్డంగా చేమమడి. లేత ఆకులు ఎండకి వాలి ఉన్నాయి, కాడలు నిటారుగా నిలబడ్డాయి. మొదళ్ల దగ్గర ఆకు తొక్కిన గుర్తులు కొత్తగా ఉన్నాయి. ఇటు గట్టు, అటు గట్టు. ఊళ్లో ఏ మడి ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

లెఫ్టినెంటు నవ్వి ఏదో అన్నాడు.

"గోతుల్లో మొక్కలు బానే మొలిచాయి, ఫర్వాలేదు, తొక్కుకుంటూ పదండి అంటున్నారు మామా," అన్నాడు సుమాంగ్.

తెలెయ్ కదల్లేదు. మొహం మెల్లగా సముద్రం వైపు తిప్పుకున్నాడు.

ఎబిల్ ఇబూచ్ మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి గానీ ఇబూచ్‌కి తెలియలేదు.

"ఏమైంది? ఎందుకాగారు?" అని అడిగించాడు లెఫ్టినెంటు.

"ఇది ఆడవాళ్ల మడి," అన్నాడు తెలెయ్, సముద్రాన్నే చూస్తూ. "నేను దిగను."

"జపానోళ్ల నేలని మొన్న మీరే చెప్పారుగా?"

"జపానోళ్ల నేలైతే నడిచేవాణ్ణే."

సుమాంగ్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి ఒకటికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాల్సొచ్చింది. లెఫ్టినెంటు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు. తెలెయ్ ఇన్నాళ్లూ దేనికి భయపడ్డాడో ఆ ప్రశ్నే అడిగాడు. "మరి వాళ్ల చేతికెలా వెళ్లింది?"

"నేనిచ్చాను. ఇచ్చే హక్కు నాకు లేదు. మా అక్కకుంది. ఆమెనెవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

ఆ మాటలు అంటున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. వెనక నిలబడ్డ ఊరి మగవాళ్లంతా విన్నారు. ఇబూచ్ కళ్లు నీళ్లతో నిండిపోయాయి. సిగ్గుతో చచ్చిపోతున్న తమ్ముణ్ణి చూసి ఆమెకు ఎన్నడూ లేనంత గర్వం కలిగింది.

ఆస్ట్రేలియా ఆయన మాత్రం ఉత్సాహంగా లెఫ్టినెంటు భుజం తట్టి గబగబా ఏదో అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏమంటాడు?" అంది ఇబూచ్.

"చూశారా, నేను చెప్పలేదూ, ఇక్కడ ఏ నేల ఎవరిదో తేలకుండా తొందరపడకూడదని, అంటున్నాడు. ఈ సంగతి సభలో చెబుతాడట."

ఇబూచ్ ముందుకొచ్చింది. "ఆయన్నొకటడుగు. మా మడి మాకిప్పిస్తాడా?"

సుమాంగ్ అడిగాడు. ఎర్రముక్కాయన ఉత్సాహం తగ్గింది. చేతులు తిప్పుతూ కొంతసేపు మాట్లాడాడు.

"అది ఆయన చేతుల్లో లేదట. సంధి జరగాలట. సభ కూర్చోవాలట."

"మరెందుకు ఆ సంబరం?" అంది ఇబూచ్. "మా తమ్ముడి సిగ్గుని తీసుకెళ్లి స్నేహితుడి మీద విసరడానికా? ఆ మాట కూడా చెప్పు."

సుమాంగ్ చెప్పాడో లేదో, చెబితే ఎంత మెత్తగా చెప్పాడో ఆమెకు తెలియదు. ఆయన మాత్రం ముక్కు రుద్దుకుంటూ మొహం తిప్పుకున్నాడు. లెఫ్టినెంటు వంగి బూటు కొసతో గులకరాయిని కదిపాడు. "నేను చూసింది చూసినట్టు పైకి రాస్తాను. వాళ్లేం చేస్తారో చెప్పలేను," అన్నాడు. అంతకంటే మాట ఇవ్వలేదు. ఇవ్వనందుకే ఇబూచ్ అతన్ని కాస్త నమ్మింది. జపానోళ్లు ఇచ్చేస్తామని మాటిచ్చారు కదా.

అవతల వైపుకి వెళ్లాలి, వాళ్లని తీసుకెళ్లే జీపు అక్కడుంది. లెఫ్టినెంటు మడి వైపు చూశాడు. తెలెయ్ వైపు చూశాడు. పొడుగాయన అందరికంటే ముందు పక్కకి తిరిగి, తుప్పల్లోంచి చుట్టుదారి పట్టాడు. ఆస్ట్రేలియా ఆయన ముళ్లు తగిలి గొణుక్కుంటూ వెనక నడిచాడు. చివరికి లెఫ్టినెంటు కూడా. మూడు దేశాల బూట్లు గట్టు తొక్కకుండా చుట్టూ తిరిగి అవతలికి చేరాయి. ఎబిల్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది.

జీపు వెళ్లిపోయింది. ఆడవాళ్లు మడిలోకి దిగారు. రేపు పెద్ద సభ దీన్ని శత్రువు నేలంటుందో, అనాథల ఆస్తంటుందో ఎవరికి తెలుసు? ఇబూచ్ బుట్టలోంచి కత్తి తీసింది. నీళ్లెక్కువై ఒక మొక్క కుళ్లేలా ఉంటే దాంతో గట్టు కాస్త తెంచి నీళ్లు వదిలింది.

"రేపు కూర్చుందామా వదినా? ఆకు విప్పడానికి?" అంది ఎబిల్, జవాబు తెలిసే.

"పని చూడు," అంది ఇబూచ్.

తెలెయ్ ఇంకా వెళ్లలేదు. మొహం సముద్రం వైపే పెట్టుకుని గట్టుకి అవతల నిలబడి ఉన్నాడు. అటు చూస్తూనే అడిగాడు.

"అక్కా, ఎరువుకి ఆకు చాలినట్టు లేదు. కొండమీద నుంచి కోసుకురానా?"

ఇబూచ్ నడుం పట్టుకుని నిలబడింది. కావాలనే గొంతు కరుకు చేసుకుంది.

"తే. గట్టు దాకా తెచ్చి పెట్టు. లోపలికి మాత్రం దిగకు. ఊరిపెద్దవి."